ఎడారిలో పెళ్ళిచూపులు

మా మరదలి పెళ్ళిచూపులు ఎడారిలో జరిగాయంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. నమ్మినవాళ్ళు తప్పు నాదంటారు. నిజానికి అందులో నా పాత్ర వ్యాను వెనక సీట్లో కూర్చోవడం వరకే.

ఎనభైల మొదట్లో నేనూ మా ఆవిడా అమెరికాలో ఫీనిక్స్‌లో ఉండేవాళ్ళం. మా ఆవిడ చెల్లెలు టూసాన్‌లో భూగర్భశాస్త్రం చదువుతూ, సెలవులకు మా ఇంటికొచ్చి, నా కుర్చీలో కూర్చుని, నేను పెట్టిన కాఫీని విమర్శిస్తూ ఉండేది. ఆమెకు సంబంధం కుదిర్చే బాధ్యత మా మామగారు నాకు అప్పగించారు. అప్పటికే ఇద్దరబ్బాయిలు మా సోఫాలో కూర్చుని, మా ఆవిడ వేసిన బజ్జీలు తిని వెళ్ళారు. ఒకతను అమ్మాయికన్నా మా టీవీని ఎక్కువసేపు చూశాడు. రెండో అతను బజ్జీల గురించి మాత్రమే మాట్లాడాడు. రెండుసార్లూ మా మరదలే వద్దంది.

మూడో అబ్బాయి కాలిఫోర్నియాలో ఒక ఊరి నీటి సరఫరా శాఖలో ఇంజనీరు. మంచి కుటుంబం, మంచి ఉద్యోగం, ఫోటోలో మీసం కూడా బాగానే ఉంది.

"ఈసారి సోఫా వద్దు బావా," అంది మరదలు. "సోఫాలో కూర్చున్న ప్రతి మగాడూ బుద్ధిమంతుడే. మా ఇంట్లో సోఫాలో కూర్చున్నప్పుడు నువ్వూ అలాగే కనిపించావ్."

"మరి ఎక్కడ చూస్తావ్?"

"యూటాలో. నాలుగు రోజులు స్నానం లేకుండా ఉంటే మనిషెవరో తెలిసిపోతుంది."

ఆమె చేతిలో ఒక రంగుల కరపత్రం ఉంది. గైడు దగ్గరుండి తీసుకెళ్ళే ఎడారి సఫారీ, గుడారాల్లో బస, చివరి రోజు ఒక పెద్ద రాతి తోరణం దర్శనం. ఆ తోరణం దగ్గరే తన జవాబు చెబుతానంది. ఔననో, కాదనో. అంతవరకు ఎవరూ అడగకూడదు.

అబ్బాయికి ఫోన్ చేశాను. "నాకు నేచర్ అంటే ఇష్టమేనండీ," అన్నాడు. ఫోన్ పెట్టేయబోతూ, "స్నేక్స్ ఉంటాయాండీ?" అనడిగాడు. ఇండియాలో ఉన్న మామగారికీ ఫోన్ చేశాను. పెళ్ళికాని పిల్ల పరాయి అబ్బాయితో అడవులు పట్టుకు తిరగడమేమిటని ఆయన చాలా ఖరీదైన నిమిషాలు మౌనంగా ఉండి, చివరికి మేమిద్దరం వెంట ఉంటే సరేనన్నారు. ఆ విధంగా మాకూ ప్రకృతిని ఆస్వాదించే బాధ్యత పడింది.

ఫ్లాగ్‌స్టాఫ్‌లో సఫారీ వ్యాను ఎక్కడానికి అబ్బాయి పాలిష్ చేసిన తోలుబూట్లతో, తాళం వేసిన సూట్‌కేసుతో వచ్చాడు. గైడు ఆ సూట్‌కేసు ఎత్తి పైన కట్టాక, నడుం పట్టుకుని, ఇందులో ఎవరున్నారని అడిగాడు. 

గైడు అరవై ఏళ్ళ పొడుగాటి మనిషి. మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు, పాత చెప్పు రంగు చర్మం. ఆఫ్రికాలో కలహారి ఎడారిలో చాలాకాలం యాత్రికుల్ని తిప్పి, ఏ కారణం చేతనో అమెరికా వచ్చి పడ్డాడు. వచ్చినందుకు అమెరికాను ఇంకా క్షమించలేదు. ఎర్రటి కొండలు నిప్పుల్లా మెరుస్తుంటే మేం ఆహా అన్నాం. ఆయన, "బాగుంటాయి. సింహాలు లేవు, అదే లోటు," అన్నాడు. ఆ లోటును మా ఇంజనీరు అబ్బాయి ఒక్కడే లోటుగా భావించలేదు.

మాతోపాటు ఒహాయో నుంచి వచ్చిన రిటైర్డ్ దంపతులు కూడా ఉన్నారు. ఆయన బడిపంతులు, ఆవిడ నర్సు. ఇద్దరూ నెమ్మదస్తులు.

మొదటి మజిలీలో గుడారాలు లేచాక గైడు అందరినీ చుట్టూ నిలబెట్టి నియమాలు చెప్పాడు. వ్యానుకు తగిలించిన ట్రెయిలరులో పెద్ద పెద్ద నీళ్ళ క్యాన్లున్నాయి. దారిలో మళ్ళీ నీళ్ళు దొరకవు. అవి తాగడానికి, వండడానికి మాత్రమే. గిన్నెలు ఇసుకతో తోముకోవాలి. స్నానం సంగతి మరిచిపోవాలి. ఇక ఆ మిగతా సంగతి. ఆయన ఒక చిన్న పార, ఒక కాగితం చుట్ట, ఒక అగ్గిపెట్టె తీసి చూపించాడు. దూరంగా వెళ్ళాలి, గొయ్యి తవ్వాలి, పనయ్యాక కాగితం కాల్చేసి, గొయ్యి పూడ్చాలి. ప్రశ్నలేమైనా ఉన్నాయా?

ఒహాయో దంపతులు ఏవో అడిగారు. మేం నలుగురం ఏమీ అడగలేదు. నలుగురం నాలుగు దిక్కులకు చూశాం.

ఇక్కడొక విషయం చెప్పాలి. ఆ రోజుల్లో ఫీనిక్స్‌లో మా బాత్రూములో మొక్క లేదుగాని మొక్కలకు నీళ్ళు పోసే ప్లాస్టిక్ డబ్బా ఉండేది. మాకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నిటిలోనూ ఉండేది. ఇంటికొచ్చిన అమెరికన్లు మొక్క ఏదని ఎప్పుడూ అడగలేదు. మర్యాదస్తులు. మేం ఆ దేశం వెళ్ళి కారు నడపడం నేర్చుకున్నాం, వాతావరణం గురించి అపరిచితులతో మాట్లాడడం నేర్చుకున్నాం, మా పక్కింటి ముసలావిడ పేరు పెట్టి పిలవమంటే అలాగే పిలిచాం. ఆ ఒక్క కాగితం దగ్గర మాత్రం ఆగిపోయాం.

మా ఆవిడ చేతిసంచిలో ఆకుపచ్చ మగ్గు ఒకటుంది. ఉందని ఆమె నాకు చెప్పలేదు. లేకుండా ఆమె బయల్దేరదని నాకు తెలుసు. మర్నాడు ఉదయం ఆ మగ్గు ఒక్క మాట కూడా లేకుండా ముగ్గురి మధ్య చేతులు మారింది. ట్రెయిలరు అవతలి పక్క క్యానుకు కుళాయి ఉంది. గైడు ఇవతలి పక్క పొయ్యి వెలిగించుకుంటూ కలహారి గురించి ఒహాయో దంపతులకు చెబుతున్నాడు.

తిరిగొస్తుంటే దూరంగా తుప్పల వెనక ఎండకు ఏదో తళుక్కుమంది. ఏదైనా ఖనిజమేమో, మా మరదలికి చూపిద్దామని నిలబడ్డాను. కాసేపటికి తుప్పల్లోంచి ఇంజనీరు అబ్బాయి లేచాడు. చేతిలో స్టీలు చెంబు. నన్ను చూసి, "గుడ్ మార్నింగ్ సార్," అన్నాడు. నేనూ గుడ్ మార్నింగ్ అన్నాను. సూట్‌కేసుకు తాళం ఎందుకో అర్థమైంది.

రెండో రోజు గైడు క్యాన్లు కదిపి చూసి తల గోక్కున్నాడు. ఎక్కడైనా కారుతోందేమోనని ట్రెయిలరు కింద పడుకుని చూశాడు. కాకుల పనేమో అన్నాడు. కలహారి అయితే ఏనుగులు వాసన పట్టి వచ్చేవని, ఇక్కడ ఏనుగులు కూడా లేవని బాధపడ్డాడు. అబ్బాయి ఆయనతోపాటు వంగి, చాలా శ్రద్ధగా కుళాయి బిగించి చూశాడు. నీటి శాఖ మనిషి కదా.

ఆ మధ్యాహ్నం అందరం ఒక కొండచరియ నీడలో కూర్చున్నాం. అబ్బాయి కాస్త దూరంగా కూర్చుని బూట్లలోంచి ఇసుక దులుపుకుంటున్నాడు. మరదలు నా పక్కకొచ్చి కూర్చుంది.

"బావా, నీకో సంగతి చెప్పనా? ఈయన కాదనడం నేర్చుకోలేదు."

"అదేం, మంచిదేగా."

"ఏం మంచిది? ఎండగా ఉందండీ అన్నాను, అవునండీ అన్నాడు. అంత ఎండగా లేదులెండి అన్నాను, అవునండీ అన్నాడు. ఆ రాయి వయసు చెప్పాను, అవునండీ అన్నాడు. కావాలని తప్పు చెప్పాను బావా! దానికీ అవునండీ. ఈయన్ని చేసుకుంటే నాతో నేనే కాపురం చేసినట్టు."

"నీతో కాపురం కష్టమే," అన్నాను.

"జోకులొద్దు. తోరణం దాకా చూస్తానన్నాను కాబట్టి చూస్తా. కానీ నా మనసులో అయిపోయింది."

మా ఆవిడ ఇదంతా వింటూ నావైపు చూసింది. మళ్ళీ సోఫా, మళ్ళీ బజ్జీలు అన్న భావం ఆ చూపులో ఉంది. నాకు ఆ అబ్బాయిని చూస్తే జాలేసింది. అతనికి అమ్మాయి నచ్చిందని మాకు తెలుస్తూనే ఉంది. ఆమె పారతో గుడారం మేకులు కొడుతుంటే, ఏం చేయాలో తెలియక, పక్కనే నిలబడి మేకులు ఒక్కొక్కటిగా అందించేవాడు. ఆమె తిట్టేది మేకునో అతన్నో తేల్చుకోకుండానే అందించేవాడు.

మూడో రోజు ఉదయం కాఫీల దగ్గర గైడు మాకెదురుగా నిలబడ్డాడు. మూడు క్యాన్లు అప్పుడే ఖాళీ అయ్యాయని, ఉన్న నీళ్ళతో తోరణం దాకా వెళ్ళడం కుదరదన్నాడు. ఇక్కణ్ణుంచి వెనక్కి తిరిగి, హైవే మీద పెట్రోలు పోసే గ్యాస్ స్టేషనుకు పోవాల్సిందే. నీళ్ళు ఎవరు వాడుతున్నారో తనకు తెలియాలన్నాడు.

మా ఆవిడ చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది.

గైడు ఒహాయో పెద్దాయన వైపు తిరిగాడు. "సార్, నిన్నా ఇవాళా పొద్దున మీరు పళ్ళసెట్టు కడగడం చూశాను. ఎన్నిసార్లు కడుగుతారు?"

పెద్దాయన మొహం ఎర్రబడింది. ఒక్కసారేనని, అదీ సగం కప్పుతోనని గొణిగాడు. ఆయన భార్య నేలచూపులు చూసింది. ఒక సగం కప్పు కోసం మూడు క్యాన్ల నేరం ఆ పెద్దమనిషి మీద పడింది. నేను ఏదో ఒకటి అందామని గొంతు సవరించుకున్నాను. సవరణ దగ్గరే ఆగిపోయాను.

"కాదు," అన్నాడు ఇంజనీరు అబ్బాయి.

అందరం అతనివైపు తిరిగాం. కప్పు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"ఆయన కాదు. నేను. మా వాళ్ళం కాగితం వాడం. నీళ్ళు వాడతాం."

తర్వాత, ఆఫీసులో నివేదిక చదివినట్టు, ఎందుకో, ఏ పద్ధతిలోనో ఇంగ్లీషులో వివరించాడు. చేత్తో చూపించబోతే మా ఆవిడ గట్టిగా దగ్గింది. 

"ఇన్ని నీళ్ళూ నువ్వొక్కడివే?" అన్నాడు గైడు.

"నేనొక్కణ్ణే."

నర్సు ఆవిడ దగ్గరకొచ్చి, నాయనా, డాక్టరుకు చూపించుకున్నావా అని మెల్లగా అడిగింది.

"ఒక్కడేం కాదు," అంటూ మా మరదలు లేచింది. "నేను కూడా." ఆ వెంటనే మా ఆవిడ సంచిలోంచి మగ్గు తీసి, కోర్టులో సాక్ష్యంలా పైకెత్తింది. ఇక నేను లేవక తప్పలేదు. "మేమంతా ఒకే కుటుంబం," అన్నాను.

"అప్పుడే కుటుంబమేంటి బావా?" అంది మరదలు తెలుగులో. 

గైడు మగ్గును చూశాడు, మమ్మల్ని చూశాడు. ఆ మొహంలో మూడు రోజుల్లో మొదటిసారి నవ్వు కనిపించింది. కలహారికి దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి భారతీయ కుటుంబాలు వచ్చేవట. వాళ్ళొస్తున్నారంటే రెండు క్యాన్లు ఎక్కువ కట్టుకునేవాడట. "ముందే చెప్పొచ్చుగా! నీళ్ళకేం, మోసేది వ్యానేగా?" అన్నాడు. తర్వాత పెద్దాయన దగ్గరకెళ్ళి, ఆయన పళ్ళకు క్షమాపణ చెప్పాడు.

తోరణం మాత్రం పోయింది. గ్యాస్ స్టేషనుకు వెళ్ళి నీళ్ళు నింపుకుని రావడానికే రోజు సరిపోతుంది. వ్యానులో మరదలు నా పక్కన కూర్చుంది. చాలాసేపు కిటికీలోంచి చూసి, "ఎవరో ముసలాయన పళ్ళసెట్టు కోసం పరువు తీసుకున్నాడు బావా," అంది.

"తీసుకున్నాడు."

"మన ముగ్గురి పరువూ నిలబెట్టబోయాడు. అబద్ధం చెప్పడం అస్సలు రాదు పాపం. నువ్వు గొంతు సవరించుకున్నావ్, నేను విన్నాను."

నేనూ కిటికీలోంచి చూశాను.

గ్యాస్ స్టేషను వెనక కుళాయి దగ్గర అబ్బాయి క్యాన్లు నింపుతున్నాడు. ఒక్క చుక్క కింద పడకుండా, ఇంటి పని చేసుకున్నట్టు నింపుతున్నాడు. మరదలు నేరుగా అతని దగ్గరకు నడిచింది. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మా వైపు ఆచారం ప్రకారం ముందు అబ్బాయి తరఫువాళ్ళు కబురు పంపాలి. మా మరదలికి ఆ ఆచారం తెలుసు.

"నాకు ఇష్టమేనండీ," అంది.

అతను ముందు కుళాయి కట్టేశాడు. చేతులు తుడుచుకున్నాడు.

"నేను కొంచెం ఆలోచించుకోవాలండీ," అన్నాడు.

మా ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగాయి.

"ఏం ఆలోచించాలి?" అంది మరదలు.

"నాకీ ఎడారి అస్సలు నచ్చలేదండీ. ఇసుక అన్నంలోకి వస్తోంది. రాయిమీద పడుకుంటే నడుం పట్టేసింది. ఆ రాయి వయసు కూడా మీరు తప్పు చెప్పారు, నేను ముందే చదువుకునొచ్చాను. పెళ్ళయ్యాక ఏటా ఇలా తిప్పుతానంటే నా వల్ల కాదు."

"అది మొదటిరోజే చెప్పొచ్చుగా?"

"చూపులకెళ్ళిన ఇంట్లో కూర బాగాలేదని చెబుతామాండీ?"

మరదలు నడుం మీద చేతులు పెట్టుకుంది. "రెండేళ్ళకోసారి," అంది.

"ఐదేళ్ళకోసారి. మంచం ఉండాలి."

"మంచం కుదరదు. నాలుగేళ్ళకోసారి, పరుపు తెచ్చుకోండి."

గైడు నా దగ్గరకొచ్చి, వాళ్ళు దేనికి పోట్లాడుకుంటున్నారని అడిగాడు. పెళ్ళి మాట్లాడుకుంటున్నారన్నాను. ఆయన టోపీ తీసి పక్కన నిలబడ్డాడు. తను పనిచేసిన చోట ఈ మాటలు పెళ్ళికొడుకు ఇవ్వాల్సిన ఆవుల దగ్గర తేలేవని, పరుపుల దగ్గర తేలడం ఇదే మొదటిసారి చూడడమని అన్నాడు.

నాలుగేళ్ళు, ఒక పరుపు, పాములు లేని కాలం. అక్కడ ఇద్దరూ ఆగారు. మాట ఖాయమైతే నోరు తీపి చేయాలి గదా, మా ఆవిడ గ్యాస్ స్టేషనులోకి పరిగెత్తింది. దొరికింది పిప్పరమెంటు బిళ్ళల పొట్లమొకటే. దానికే బొట్టు పెట్టినంత పని చేసి, ముందు అబ్బాయికి, తర్వాత చెల్లెలికి, గైడుకు, ఒహాయో దంపతులకు ఇచ్చింది. నా వంతు వచ్చేసరికి పొట్లం ఖాళీ. మామగారికి ఫోన్ చేసే పని మాత్రం మిగిలింది. చిల్లర ఏరుకుని ఫోన్ డబ్బా వైపు నడుస్తూ, ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నావని ఆయనడిగితే ఏం చెప్పాలో ఆలోచించుకోసాగాను.