సైరన్ మోగితే పరుగెత్తకు

గోదావరిఖనిలో కాపురం పెట్టిన నాటి నుంచి మా ఇంట్లో గోడ గడియారం వైపు చూసే పని నాకు పడలేదు. సైరన్ ఉండేది. పొయ్యి వెలిగించడం, పిల్లలకు నీళ్ళు పొయ్యడం, మా ఆయనకు టిఫిన్ డబ్బా కట్టడం, అన్నీ షిఫ్టు సైరన్‌ను బట్టే. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో పేలుళ్ళు జరిగితే అలమరలో గిన్నెలు గలగలలాడేవి. దానికి మేం తల కూడా తిప్పేవాళ్ళం కాదు. వేళ కాని వేళ సైరన్ మోగితే మాత్రం వాడకట్టంతా లేచి నిలబడేది.

అలా మోగిందంటే బాయిలో ఏదో జరిగిందని అర్థం. బొగ్గుగనిని మా దగ్గర బాయి అంటాం. ఆ మోత చెవిన పడగానే ఆడవాళ్ళందరూ పొయ్యి ఆర్పి, ఉన్నవాళ్ళు ఉన్నట్టే బాయి గేటుకు ఉరికేవాళ్ళు. చెప్పులు వెతుక్కోవడం లేదు, తలుపుకు తాళం వెయ్యడం లేదు, ఎవరి మనిషి అని అడగడం లేదు. ఎవరూ నేర్పకుండానే అందరం పాటించిన పద్ధతి ఇంకొకటి ఉండేది. మన మనిషి క్షేమంగా పైకి వచ్చినా సరే, దిగినవాళ్ళలో ఆఖరి మనిషి సంగతి తేలేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. మా ఆయన సెలవు పెట్టి మంచం మీద గురక పెడుతున్న రోజున కూడా నేను పోయి ఆ గేటు ముందు కూర్చున్నాను. నిద్రలేచి ఖాళీ ఇల్లు చూసుకుని ఆయన కంగారుపడ్డాడు. పడనీ అనుకున్నాను, రోజూ నేను పడేదే కదా.

మా పక్క క్వార్టర్‌లో ఒక అక్క ఉండేది. తోడబుట్టింది కాదు గానీ అంతకంటే ఎక్కువ. నాకు నోరెక్కువ, ఆమెకు ఓపికెక్కువ, అలా కుదిరింది. వాళ్ళకు పిల్లలు లేరు. మా పెద్దపాప ఆమెను పెద్దమ్మ అనీ, ఆమె భర్తను పెద్దబాపు అనీ పిలుస్తూ, తిండీ నిద్రా అన్నీ వాళ్ళింట్లోనే కానిచ్చేది. నేను దెప్పితే అక్క నవ్వి, "కన్నది నువ్వయితేంది, బిడ్డ నాది" అనేది.

పాప ఒకటో తరగతిలో ఉండగా ఒక పగటిపూట వేళ కాని సైరన్ మోగింది. ఆ రోజు మా ఆయనా పెద్దబాపూ ఇద్దరూ లోపలే ఉన్నారు. చిన్నదాన్ని చంకన వేసుకుని, పెద్దదాని రెక్క పట్టుకుని ఉరికాను. గేటు ముందు మట్టిలో కూర్చున్నాం. అక్క పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. పొద్దు వాలుతుండగా మనుషులు పైకి రావడం మొదలైంది. ఆ నల్లటి మొహాల మధ్య మా ఆయన మొహం కనిపించేసరికి పోయిన ప్రాణం లేచొచ్చింది. పాపను పిలిచాను.

"బాపు అచ్చిండు, రాయే."

అది అక్క ఒళ్ళోంచి కదల్లేదు. "పెద్దబాపు ఇంక రాలె గద" అంది, కొంగు పిడికిట్లో పట్టుకుని.

పెద్దబాపు శవాన్ని మర్నాడు పొద్దున పైకి తెచ్చారు. అప్పటిదాకా ఆ కొంగు అది వదల్లేదు. ఆరేళ్ళ పిల్లకు ఆ పద్ధతి ఎవరు చెప్పారో నాకు తెలియదు. ఏడుస్తూనే, నా బిడ్డను చూసి నాకు గర్వంగా అనిపించింది.

ఆ తరువాత మా ఆయన ఇక్కడ ఉండలేకపోయాడు. లోపల బొగ్గు కోసే పెద్ద యంత్రాలను బాగుచేసే ఫిట్టర్ ఆయన. ఆస్ట్రేలియాలో బొగ్గు గనులకు అలాంటి పనివాళ్ళు కావాలని ఎవరో చెప్పగా విని, రెండేళ్ళు ప్రయత్నించి ఉద్యోగం తెచ్చుకున్నాడు. "అక్కడి బాయిలు గిట్ల ఉండయట, మస్తు పైలం ఉంటదట" అన్నాడు. బాయికి భయపడి బాయికే పోతున్న మనిషిని ఏమనాలో నాకు తోచలేదు. పాపం, చేతిలో ఉన్న విద్య అది. అక్కకు ఆమె భర్త తరఫున కంపెనీ దవాఖానలో ఆయా ఉద్యోగం ఇచ్చారు, క్వార్టర్ ఆమెకే ఉంది. మేం బయలుదేరిన రోజు ఆమె డ్యూటీ మానుకుని రామగుండం స్టేషన్ దాకా వచ్చింది. పాప బుగ్గలు నొక్కి నొక్కి ఎర్రగా చేసింది.

ఆ దేశంలో మేం దిగిన ఊరు కూడా బొగ్గు ఊరే. వెడల్పాటి రోడ్లు, ఒకదానితో ఒకటి మాట్లాడుకోనంత దూరంలో ఇళ్ళు. గని ఊరికి చాలా దూరం. మా ఆయన చీకటితో బస్సెక్కితే చీకటి పడ్డాకే వచ్చేవాడు. ఆ ఊళ్ళో సైరన్ లేదు. ఎప్పుడు దిగాడో, ఎప్పుడు పైకి వచ్చాడో చెప్పే చప్పుడే లేదు. మొదటి నెలల్లో ఆ నిశ్శబ్దానికి నాకు పిచ్చెక్కినంత పనైంది. పొద్దంతా గిన్నెలు తోమినవే తోముతూ కూర్చునేదాన్ని.

పిల్లలను బడిలో వేశాం. చిన్నది నెల తిరక్కుండా ఆ పిల్లల గుంపులో కలిసిపోయింది. దానికి భాష అక్కర్లేదు, అరవడానికి గొంతుంటే చాలు. పెద్దది మాత్రం నోరు తెరవలేదు. మధ్యాహ్నం డబ్బా తెరిచేది కాదు. బాపు పైకి వచ్చాడో లేదో తెలియకుండా అన్నం ఎలా తినాలని నన్నడిగింది. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను, బతిమాలాను, రెండు దెబ్బలు కూడా వేశాను. వాళ్ళ టీచరు, తల నెరిసిన మనిషి, రోజూ దాని పక్కన కూర్చుని తన డబ్బా తాను తెరుచుకుని తినేదట. ఆ ఓపిక చూసి నాకు అక్క గుర్తొచ్చేది.

అలా తంటాలు పడుతుండగా ఒక రోజు బడిలో సైరన్ మోగింది. నిప్పంటుకుంటే పిల్లలు ఎలా బయటికి రావాలో నేర్పడానికి అప్పుడప్పుడూ మోగిస్తారు. పిల్లలంతా వరుసగా మైదానంలోకి వచ్చి నిలబడాలి, టీచరు తలలు లెక్కపెట్టుకోవాలి, అంతే. అది మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని వాళ్ళకు మాత్రం ఎలా తెలుస్తుంది?

పాప ఉరికింది. చెప్పులు విడిచి, సంచి వదిలేసి, గేటు దాటి, మా ఆయన బస్సు పోయే రోడ్డు పట్టుకుని గని వైపు ఉరికింది. అది బొగ్గు లారీలు గాలిదుమారంలా పోయే రోడ్డు. ఎవరో కారు ఆపి పట్టుకునేసరికి ఊరు దాటిందట. నాకు ఫోను వచ్చింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో అర్థమైంది రెండే మాటలు, పిల్ల, రోడ్డు.

బడికి పోయేసరికి అది ఆఫీసు గదిలో బెంచీ మీద కూర్చుని ఉంది. అరికాళ్ళు చిట్లి రక్తం కారుతోంది. నన్ను చూసి ఏడవలేదు, కోపంగా చూసింది.

"సైరన్ మోగితె నువ్వెందుకు రాలేదే? నేనొక్కదాన్నే ఉరికిన" అంది.

ఆ మోత మన ఇంటిదాకా వినపడలేదు బిడ్డా అన్నాను.

ఇంకోసారి ఇలా జరిగితే పిల్ల ప్రాణానికి తాము జవాబు చెప్పలేమని బడివాళ్ళు మర్యాదగానే చెప్పారు. మా ఆయన ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చున్నాడు. "అయితె మీరు ముగ్గురు ఇంటికి పొండ్రి. నేనొక్కణ్ణి ఉంట" అన్నాడు, కంచం పక్కకు జరిపి. ఆయన ఒక దేశంలో బాయిలో, మేం ఇంకో దేశంలో ఫోను పక్కన. పాపకు ఆ బడి అలవాటు కాకపోతే మా సంసారం అలా రెండు ముక్కలయ్యేది. సంసారం నిలవడం ఆ పిల్ల వరుసలో నిలబడడం మీద ఉంది.

టీచరు నన్ను పిలిపించుకుని విషయమేమిటని అడిగింది. చేతులతో, కళ్ళతో, వచ్చీరాని మాటలతో మా ఊరి సైరన్ సంగతి చెప్పాను. పెద్దబాపు సంగతి చెప్పేటప్పుడు నాకు మాటలు కూడా అక్కర్లేకపోయింది. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మర్నాడు పాపను ఆఫీసులోకి తీసుకుపోయి, సైరన్ మోగించే మీట చూపించి, బడి విడిచాక దాని చేతే నొక్కించింది. మా ఆయన తన సెలవు రోజున వచ్చి, మళ్ళీ మోగించినప్పుడు మైదానంలో దానికి కనిపించేలా నిలబడ్డాడు.

ఇంట్లో నా వంతు నేను చేశాను. పొద్దున్నే జడ వేస్తూ రోజూ అదే పాఠం.

"సైరన్ మోగితె ఏం జెయ్యాలె?"

"ఉరుకొద్దు."

"ఏమనుకోవాలె?"

"మా బాపు మంచిగున్నడు. మా బాపుకేం గాలె."

"మరి వేరేటోళ్ళు?" అని మొదట్లో అడిగేది. "వేరేటోళ్ళ ఫికర్ నీకెందుకే, వాళ్ళకు వాళ్ళోళ్ళుంటరు" అనేదాన్ని. జడ గట్టిగా లాగి మరీ అనేదాన్ని. కొన్నాళ్ళకు అడగడం మానేసింది.

ఆ ఏడాది చివర మళ్ళీ సైరన్ మోగించినప్పుడు పాప కదలకుండా వరుసలో నిలబడిందని టీచరు ఫోను చేసి చెప్పింది. ఆ సాయంత్రం డబ్బా ఖాళీగా ఇంటికి వచ్చింది. పాయసం వండాను. మా ఆయన దాన్ని భుజాల మీద ఎక్కించుకుని ఇల్లంతా తిప్పాడు. నేనూ నవ్వాను గానీ లోపల ఎక్కడో దిగులు కమ్మింది. అంత సంతోషంలో ఏమిటీ పాడుబుద్ధి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

కొన్నేళ్ళకు సెలవుల్లో మళ్ళీ ఊరికి వచ్చేసరికి తెలంగాణ రాష్ట్రం వచ్చింది. స్తంభాలకు కట్టిన తోరణాలు ఎండకు వెలిసి ఇంకా వేలాడుతున్నాయి. మా అత్తగారి ఇల్లు అదే వాడకట్టులో ఉంది, అక్కడే దిగాం. అక్క డ్యూటీ దిగి రోజూ మమ్మల్ని చూడ్డానికి వచ్చేది. పాప ఎత్తుగా, తెల్లగా, మర్యాదగా తయారైంది. దాని నోట బాపు పోయి డాడీ వచ్చాడు. పెద్దమ్మ పక్కన కూర్చుని అడిగినదానికి జవాబు చెప్పేది, ఒళ్ళో తల పెట్టే వయసు దాటింది. అక్క దాని చెయ్యి నిమురుతూ, "మంచిగ సదువుకుంటున్నదా నా బిడ్డ" అని నన్ను అడిగేది.

ఒక మధ్యాహ్నం అన్నాలు తింటుండగా సైరన్ మోగింది. అది షిఫ్టు వేళ కాదు. మా అత్త చేతిలో ముద్ద ఆగిపోయింది. బయట తలుపులు తెరుచుకున్న చప్పుడు, ఆడవాళ్ళు ఉరుకుతున్న చప్పుడు. నేను లేచాను.

"రాయే, జల్ది" అన్నాను పాపతో.

అది తలెత్తి నన్ను చూసింది. భయం లేదు, కోపం లేదు. వాళ్ళ నాన్నను చూపించి, చిన్నపిల్లకు నచ్చచెప్పినట్టు మెల్లగా చెప్పింది.

"డాడీ ఇక్కడే ఉన్నాడు కదమ్మా. డాడీకి ఏం కాలేదు. మనం ఎందుకు వెళ్ళాలి?"

నేను నేర్పిన పాఠం, మాట పొల్లు పోకుండా. మా ఆయన కంచం ముందు నుంచి లేవలేదు. నేను గడపలో చెప్పులు వెతుక్కున్నాను. చెప్పులు వెతుక్కుంటున్నానన్న సంగతి, అవి కాళ్ళకు వేసుకున్నాక గానీ నాకు తెలియలేదు.

బాయి గేటు ముందు అదే మట్టి. ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. అక్క కూడా ఉంది, దవాఖాన చీరతో, వట్టి కాళ్ళతో. ఆమెకు లోపల మనిషి లేక ఎన్నేళ్ళయిందో. అయినా ప్రతిసారీ వస్తుందని మా అత్త చెప్పింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. నా వెనక చూసింది, రోడ్డు మీదికి చూసింది.

"నా బిడ్డేదే?" అంది.

నాకు నోరెక్కువ అని చెప్పాను కదా. ఆ నోటికి అప్పుడు అబద్ధమే వచ్చింది.

"దానికి జరమచ్చిందక్కా, పండుకున్నది" అన్నాను.

అక్క మొహం మారిపోయింది. నన్ను భుజం పట్టి లేపింది.

"జరమచ్చిన పిల్లను ఇడిసిపెట్టి ఎందుకచ్చినవే? దాని పానం కన్న ఇది ఎక్కువనా? పో, ఇంటికి పో. మేమున్నం గద ఈడ."

చెప్పిన అబద్ధాన్ని మింగలేను, కక్కలేను. లోపల ఇంకా మనుషులు ఉన్నారు. ఆడవాళ్ళు నాకు దారి ఇవ్వడానికి కాళ్ళు ముడుచుకున్నారు. వాళ్ళ మధ్య నుంచి చెప్పులు చప్పుడు చేసుకుంటూ నడిచాను. ఆఖరి మనిషి పైకి రాకముందే ఆ గేటు నుంచి ఇంటికి పోయింది ఆ రోజు నేనొక్కదాన్నే.