డెబ్బై ఎనిమిది అంగుళాల దర్వాజ

నా చిన్నప్పుడు నన్ను ఒక్కచోట కూర్చోబెట్టడం ఎవరి తరమూ కాలేదు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతానని మా అమ్మ విసుక్కునేది. ఆ రోజైతే మరీ. పక్కింటి అక్క నన్ను టేకులపల్లి సంతకు తీసుకెళ్తానంది. బస్సు వచ్చే వేళైంది. నేనేమో వాకిట్లో టేకు దుంగ దగ్గర ఇరుక్కుపోయాను.

మా కొత్త ఇంటికి అప్పటికింకా తలుపు బిగించే దర్వాజ చట్రం లేదు, గోనెపట్టా వేలాడేది. ఇల్లు అడవి అంచున ఉండేది. పొద్దుగూకితే ఎలుగుబంటి వస్తుందేమోనని అమ్మకు ఒకటే గుబులు. ఆ దుంగకు పర్మిటు కోసం నాన్న అటవీ ఆఫీసుల చుట్టూ ఏడాది తిరిగాడు. దర్వాజ రెండు నిలువు చెక్కలకు సరిగ్గా సరిపోయేంత కలప అది. పొట్టిగా కోస్తే అంతే సంగతులు.

నాన్న మణుగూరు డ్యూటీకి వెళ్తూ, దర్వాజ పెట్టే సందు ఎత్తు కొలిచి, డెబ్బై ఎనిమిది అంగుళాలని చీటీ మీద రాసి పెట్టాడు. వడ్రంగి సాయిబు తాత ఆ చీటీ నా చేతికిచ్చాడు.

"ఎన్ని అడుగులైతది బిడ్డా? నువ్వు సదువుకున్నదానివి, జెర జెప్పు."

అంతలో దూరంగా బస్సు హారన్. నేల మీద పుల్లతో పన్నెండు పెట్టి గబగబా భాగించాను. ఆరు పాయింట్ ఐదు.

"ఆరడుగుల ఐదంగుళాలు తాతా! ఇగ కొయ్యి, జల్దీ!"

"గట్లనా?" అంటూ తాత రంపం తీశాడు. కానీ దుంగ జోలికి పోలేదు. పక్కనున్న వెదురు కర్రను నేను చెప్పిన కొలతకు కోసి, సందులో నిలబెట్టి రమ్మన్నాడు.

నిలబెట్టాను. కర్ర పైకి తగల్లేదు. అంగుళం తక్కువ! తమ్ముణ్ణి చంకనేసుకున్న అమ్మ ఆ ఖాళీని చూసి, ఇంకా కోయని దుంగ మీద చెయ్యి వేసింది. బస్సు వెళ్లిపోయింది.

తాత వెదురును పక్కన పడేశాడు. అడుగు పొడవున్న నా స్కూలు స్కేలు తెప్పించి గోడ వెంట కింది నుంచి పెట్టించాడు. చెయ్యి అందకపోతే ఎత్తుకున్నాడు. ఆరు స్కేళ్లు పట్టి, ఇంకో సగం మిగిలింది. స్కేల్లో సగమంటే ఆరంగుళాలు, ఐదెట్లా అవుతుంది? అడుగుకు పన్నెండు అంగుళాలైతే నేను పది లెక్కన చెప్పేశాను. చదువు రాని తాత నా తొందర చూసి అనుమానపడే ముందు వెదురు కోశాడని అప్పుడర్థమై సిగ్గుతో ఏడ్చేశాను.

"ఏడ్వకు బిడ్డా. వెదురు పోతే అడవిల మల్ల దొరుకుతది. టేకు పోతే మీ అమ్మ ఏం జేస్తది?"

ఆదివారానికి దర్వాజ నిలబడింది, దానికి తలుపూ బిగిసింది. అమ్మ చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

ఇన్నేళ్లొచ్చినా నాకు నిలకడ రాలేదు. కానీ తిరిగి అతకని పని ఏదైనా ముందుకొస్తే, మొదట చవకదాని మీద కోసి చూసుకుంటాను. మొన్న పొలం గట్టు గొడవలో మా చెల్లెలిని ఒక మాట అనబోయాను. అన్నానంటే అది మళ్లీ మా గడప తొక్కదు. వంటింట్లోకి వెళ్లి, ఆ మాట ముందు నాకు నేనే అనుకుని చూశాను. నాకే ఏడుపొచ్చింది. చాయ్ పెట్టి తెచ్చి దాని చేతికిచ్చాను.