కారుకు జ్ఞానతండ్రి

మెక్సికో కొండల మీది రియల్ దెల్ మోంతే ఊళ్లో పసిపిల్లలకే కాదు, కార్లకూ జ్ఞానతండ్రులుంటారు. చర్చి ముందు పాదిరిగారు కొత్త బండి మీద పవిత్రజలం చల్లుతున్నప్పుడు పక్కన ఎవడు నిలబడితే వాడే దాని మంచిచెడ్డలకు పూచీ. మెకానిక్ నాబోర్ ఇస్లాస్‌కి ఊళ్లో అలాంటి బిడ్డలు పదకొండు. రిపేరు ఊరికే చేసిపెడతాడన్న ఆశతోనే సగం మంది పిలిచారని ఆయనకూ తెలుసు. వాటిలో ముద్దుల బిడ్డ మాత్రం స్నేహితుడు మెలితోన్ కొన్న తెల్ల బీటిల్ కారు, ఇక్కడి వాళ్ల మాటలో వోచో. మెలితోన్ పోయి ఆరేళ్లయింది. అప్పట్నుంచీ అతని భార్య దొమితిలాయే దాన్ని నడుపుతోంది. బిడ్డ వరసన ఆమె ఆయన్ని కొంపాద్రే అనీ, ఆయన ఆమెను కొమాద్రే అనీ పిలుచుకుంటారు.

నాబోర్ మనుషుల్ని పల్లెత్తు మాట అనడు. తిట్లన్నీ బండ్లకే. "నిన్నేగా పోశాను, మళ్లీ తాగేశావా నూనె?" అని ఇంజనును నిలదీస్తుంటే వీధిలో పోయేవాళ్లు ఆగి వినేవారు. ఏదైనా పారేయాలంటే ఆయనకు ప్రాణం పోయినంత పని. ఊరబెట్టిన మిర్చి వచ్చే రేకు డబ్బాలను చితక్కొట్టి, సాగదీసి, బండ్లకు తుప్పుపట్టిన చోటల్లా అతుకు వేసి తీగతో బిగించేవాడు. డబ్బాల డాక్టరని ఊరు ఏడిపించేది. ఆయన ఆ పేరును బిరుదులా మోసేవాడు.

దొమితిలా పొద్దున్నే మాంసం, బంగాళదుంప కూరిన పాస్తేలు కాల్చి, తన పక్కనున్న ముందు సీటు పీకేసిన చోట బుట్ట పెట్టుకుని, మంచులో కొండ కింది పచూకా పట్నం బస్టాండుకు దిగేది. వోచో ఇంజనుకు నీళ్లుండవు, గాలితోనే చల్లబడుతుంది. పొగగొట్టాల చుట్టూ రేకు తొడుగు ఉంటుంది. ఆ తొడుగులోంచి సాగిన గాలి వేడెక్కి కారులో కాళ్ల దగ్గరికి వస్తుంది. సరిగ్గా ఆ వేడి తగిలే చోటే ఆమె బుట్ట. బస్టాండులో పొగలు కక్కే పాస్తే కావాలంటే ఆమె దగ్గరికే రావాలి. మెలితోన్ చనిపోయిన ఏడాదే ఆ గొట్టాలకు చిల్లులు పడ్డాయి. నాబోర్ డబ్బారేకులతో అతికాడు. అలా ఏటేటా అతుకుతూనే వచ్చాడు.

ఈ జనవరిలో ఒక పొద్దున ఏదో సామాను కొనడానికి ఆయన ఆమె కారు వెనక సీట్లో ఎక్కాడు. చలికి అద్దాలన్నీ మూసి ఉన్నాయి. సగం దారిలో కణతల్లో పోట్లు మొదలయ్యాయి. బస్టాండులో దిగి నాలుగుసార్లు గాలి పీలిస్తే సర్దుకుంది. మర్నాడే వంక పెట్టి బండి తెప్పించుకుని కిందికి దూరాడు. అతుకులు మాడి అంచులు విడిపోయాయి. తొడుగు లోపలంతా మసి. ఇంజను పొగ వేడిగాలితో కలిసి నేరుగా ఆమె కూర్చునే చోటికే పోతోంది. పాస్తేల ఘుమఘుమలో ఆ వాసన ఎవరికి తెలుస్తుంది? ఆ అతుకులు వేసింది తన చేతులే. ఆమెకు వెచ్చగా ఉండాలనే వేశాడు.

తుక్కు దుకాణాలన్నీ గాలించాడు. దొరికిన తొడుగులన్నీ జల్లెళ్లే. ఇక మిగిలింది హెడర్లు, అంటే తొడుగు లేని ఒంపు గొట్టాలు. వాటితో ఇంజను ఎత్తులు హుషారుగా ఎక్కుతుంది, పొగంతా బయటికే పోతుంది. కారులోకి మాత్రం వెచ్చదనం ఇసుమంతైనా రాదు.

దొమితిలా ససేమిరా అంది.

"చల్లారిన పాస్తే ఎవడు కొంటాడు కొంపాద్రే? దానికంటే రాయి కొరకడం మేలు."

"బండిలో తలనొప్పి వస్తోందా మీకు?"

"నా తల సంగతి మీకెందుకు? మీరు కారుకు జ్ఞానతండ్రి, నాక్కాదు."

"ఆ బిడ్డ విషపు పొగతో తల్లినే చంపుతుంటే చూస్తూ కూర్చోమంటారా కొమాద్రే?"

ఎప్పటిలా అతుకు వేసివ్వండి చాలు, శనివారం వస్తానని చెప్పి ఆమె వెళ్లిపోయింది.

నాబోర్ జన్మలో మొదటిసారి గిరాకీ మాట కాదన్నాడు. తుప్పుపట్టిన బోల్టులు రెండు విరిగితే వాటిని తొలిచి తీయడానికే ఒక రోజు పట్టింది. హెడర్లు బిగించాడు. ఇంజనును చల్లబరచాల్సిన గాలి వృథాగా పోకుండా, ఫ్యాను దగ్గర తొడుగులకు గాలి పంపే రెండు నోళ్లకూ చెక్క బిరడాలు కొట్టాడు. మనసు మారుతుందేమోనని పాత గొట్టాలను ఆ పూటే తుక్కువాడికి ఇచ్చేశాడు.

శనివారం దొమితిలా బండి స్టార్టు చేసి వేడిగాలి మీట లాగింది. కాసేపు చెయ్యి పెట్టి చూసింది. మీటను వెనక్కి నెట్టేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత తొమ్మిది రోజులు, ఆయన ఎదురైతే వీధి దాటి అవతలికి పోయింది. నాబోర్ లోపల ఉన్ని కుక్కి, మూత పెట్టిన చెక్కపెట్టె ఒకటి చేసి ఆమె గుమ్మంలో పెట్టి వచ్చాడు. పెట్టె వాడుకుంది గానీ పలకరింపు లేదు. ఆయనకు అన్నం సయించలేదు, బండ్లను తిట్టడానికీ నోరు రాలేదు.

పదోరోజు ఆమె షెడ్డుకు వచ్చి, బోర్లించిన పెట్టె మీద కూర్చుంది. పాస్తేలు అమ్ముడుపోతున్నాయా అని అడిగాడు. జనం సణుగుతూనే కొంటున్నారంది.

"తలనొప్పి పోయింది," అంది తర్వాత, నేరం మోపినట్టు.

"మంచిదేగా కొమాద్రే."

"ఆరేళ్లు. ఆ కారెక్కిన ప్రతి పొద్దునా వచ్చేది. మా ఆయన సీట్లో కూర్చుంటున్నాను గదా, ఆయన మీద దిగులే అనుకున్నా. పాదిరిగారికీ అదే చెప్పుకున్నా. మాత్ర కూడా వేసుకోలేదు, తగ్గితే ఆయన్ని మర్చిపోయినట్టని."

నాబోర్ చేతిలోని పానా కింద పెట్టాడు.

"ఇప్పుడు ఎక్కితే ఏ నొప్పీ లేదు కొంపాద్రే. ఆయన, మీరు బండి తిరిగిచ్చిన ఆ శనివారమే పోయినట్టుంది."

నాబోర్ చేతులు తుడుచుకుని వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పూట ఇద్దరూ మెలితోన్ కోసం మళ్లీ మొదటినుంచీ ఏడ్చారు.