దుమ్ము జోలికి పోని వైనో

వైనో హుతాలా అమెరికాలో ఫిన్లాండు వాళ్లు స్థిరపడ్డ హాంకాక్ ఊళ్లో, కొండమీది తన ఇంటి కింద గదిలో నలభై ఏళ్లపాటు పాత రేడియోలు బాగుచేశాడు. పనిలో దిట్ట, మాటలో పొదుపు. ఒక్క విషయంలో మాత్రం ఎవరొచ్చి అడిగినా గట్టిగానే చెప్పేవాడు: "పలుకుతున్న పెట్టెలో దుమ్ము కదపకూడదు."

ఈ పంతానికి కారణం ఉంది. 1971లో పాస్టర్ గారి రేడియోని కొత్తదానిలా చేసి ఇద్దామని మోజుపడి, లోపలికి గాలిపంపు పెట్టి కొట్టాడు. వెంట్రుకంత తీగ ఎక్కడో తెగింది. వైనో ఎన్ని తంటాలు పడ్డా ఆ రేడియో మళ్లీ నోరు విప్పలేదు. పాస్టర్ పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్టి ఉంటే వైనో ఎప్పుడో మర్చిపోయేవాడు. అంతకుముందు పదేళ్లలో తాను దులిపి ఇచ్చిన పెట్టెలన్నీ ఏమయ్యాయో, ఎన్ని ఇళ్లలో మూగబోయాయో అన్న దిగులు మాత్రం అతన్ని వదల్లేదు. అప్పట్నుంచి చెడిన భాగం మార్చి, దుమ్ముని దుమ్ములాగే ఉంచి, మూత బిగించేవాడు.

దుకాణం మూసేశాక, డెబ్బై నాలుగో ఏట, ఒక అక్టోబరు మంగళవారం పొద్దున అతని వదిన, అంటే భార్య ఎల్మాకి అక్క సైమా, తన వాల్వు రేడియో తెచ్చి బల్లమీద పెట్టింది.

"మరిదీ, దీన్ని పారేయమంటున్నారు," అంది కోటైనా విప్పకుండా. ఆమె ఉండేది పెద్దవాళ్ల అపార్ట్‌మెంట్లో. రేడియో పెడితే కాలిన వాసన వస్తోందని మేనేజరు శుక్రవారం వరకు గడువిచ్చాడు. "ఆదివారం ఫిన్నిష్ కీర్తనలు దీన్లోనే వింటాను. కొత్తది కొనుక్కోమంటాడు. వాడి మొహం! కొత్తదాంట్లో ఆ గొంతులు అలాగే ఉంటాయా?"

వైనో వెనక అట్ట విప్పాడు. బల్బుల్లాంటి గాజు వాల్వుల మీద దుమ్ము మందంగా పేరుకుని, వేడికి గోధుమరంగుకి మాడింది. భాగాలన్నీ పరీక్షించి చూశాడు. ఏదీ చెడలేదు. కాలుతున్నది దుమ్మే.

"అయితే దులుపు," అంది సైమా.

"నేను దులపను వదినా. పాడైతే?"

కాఫీ పట్టుకుని మెట్లు దిగుతున్న ఎల్మా ఊరుకుంటుందా? "ఈయన దుమ్ముకి మొక్కుకున్నాడక్కా. ఇంట్లో చీపురు ముట్టనిదీ అందుకే."

"నువ్వు దులపకపోతే శుక్రవారం ఎలాగూ చెత్తబండి ఎక్కుతుంది," అంది సైమా. "చేస్తే నువ్వే చెయ్యి. పాడైతే నీ చేతిలోనే పాడవనీ."

ఇక తప్పదు. వాల్వులు ఊడదీసే ముందు ఏది ఎక్కడిదో కాగితం మీద గీసుకున్నాడు, గాజు మీది నంబర్లు వేలు తగిలితే చెరిగిపోతాయి మరి. ఎల్మాని అడిగి ఆమె పౌడరు కుంచె తీసుకున్నాడు. దుమ్ము పీల్చే యంత్రం గొట్టాన్ని జానెడు దూరంలో పట్టుకుని, కుంచెతో కొద్దికొద్దిగా దులపసాగాడు. అక్కాచెల్లెళ్లు నోరెత్తకుండా కూర్చున్నారు. ఆ ఇంట్లో అదే పెద్ద వింత.

వెనక మూల దుమ్ము లేచేసరికి రేకు మీద పెన్సిలు రాత కనిపించింది. మరమ్మతు చేసినవాళ్లు లోపల ఇలా తేదీ రాసిపెట్టడం అక్కడి మామూలు. వైనో కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"1963 మార్చి. మొత్తం దులిపాను. బాగా పలుకుతోంది. వై. హు."

రాత తనదే. అప్పటికి అతనికి ఎల్మా ఎవరో కూడా తెలియదు.

"మా ఆయనే తెచ్చుంటాడు," అంది సైమా తొంగిచూసి. "అప్పట్లో వంట దగ్గర పెట్టేవాళ్లం, మసి పట్టేది."

"ఆ తర్వాత ఎప్పుడైనా ఆగిపోయిందా వదినా?"

"నలభై తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం కూడా ఆగలేదు."

వైనో ఆ రాతని మరోసారి చదివాడు. తర్వాత వాల్వులు బిగించి, ప్లగ్గు పెట్టాడు. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. ముగ్గురూ ముక్కులు దగ్గరికి పెట్టి చూశారు. పావుగంటైనా వాసన లేదు. రేడియోలో ఎవరో మంచు పడబోతోందని చెబుతున్నారు.

"చూశావా, పలుకుతోంది!" అంటూ సైమా అతని భుజం మీద ఒక్కటి చరిచింది.

వైనో వినిపించుకోలేదు. తాను దులిపినా ఇది ఇన్నేళ్లు పలికిందంటే, మిగతావీ పలికే ఉంటాయి. ఆ పదేళ్లలో దులిపిన పెట్టెలన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి.

"పోయింది పాస్టర్ గారిదొక్కటే ఎల్మా," అన్నాడు. "అదొక్కటే."