రెండో వత్తి

కావలిలో మా ఇంటి ఓనరమ్మ చేతిలో ఎప్పుడూ దీపాల వత్తులకని దూది ఉండేది. సిగరెట్లు మానడానికి నేను పట్టుకున్న ఈ-సిగరెట్ కాయిల్‌లో ద్రవం పీల్చే దూది మాడినప్పుడల్లా ఆమె దగ్గరికే పోయేవాణ్ణి. నాకని విభూది అద్దకుండా, ఉత్త వేళ్లతో వదులుగా రెండు వత్తులు చేసిచ్చేది.

"ఒకటి చాలమ్మా."

"ఒంటి వత్తి ఇయ్యకూడదు నాయనా. అది శవం తలకాడ పెట్టేది. నువ్వు చల్లంగుండాల."

కాయిల్‌లో ఒకటే పట్టేది. రెండోది డబ్బాలో వేసేవాణ్ణి. తర్వాత ఆ పొగ కూడా మానినాను, డబ్బా మాత్రం పారెయ్యలేదు.

ఆమె పోయిన రోజు తలకాడ దీపానికి వత్తి కావాల్సొచ్చింది. ఇంట్లో ఉన్నవన్నీ ఆమె జంటలుగా మెలేసి పెట్టినవే. వాటిని విడదీయడానికి కోడలికి మనసొప్పలేదు.

నేను మేడ మీద నా గదికి పోయి నా డబ్బా తెచ్చినాను.