నా పెళ్లికి నేనే చెప్పిన ఆటంకం

సహోదరులారా, సహోదరీలారా, ఇప్పుడు మీరు వినబోయే సాక్ష్యంలో సముద్రముంది, మరణముంది, చెరలాంటి పద్నాలుగు నెలలున్నాయి, ప్రేమ కూడా ఉంది; నిర్గమకాండమంత పొడుగుంటుంది, చాపల మీద సర్దుకుని కూర్చోండి!

అని మొదలుపెట్టాను గానీ, రాయడం అయ్యాక చూస్తే రెండు కాగితాలు దాటలేదు. సముద్రం మైపాడులో ఉంది, నేను ఇందుకూరుపేటలో కుట్టుమిషను ముందుంటాను, మా ఇద్దరికీ పెద్దగా రాకపోకల్లేవు. మరణం గడపదాకా వచ్చి ఎందుకో తిరిగిపోయింది. నోటితో చెప్పనిస్తే ఎటో వెళ్లిపోతానని అయ్యగారు నన్నే రాసి తెచ్చి చదవమన్నారు, చదువుతున్నాను.

నాకు ఇరవైనాలుగో ఏట దగ్గు పట్టుకుంది. కొత్త బట్టల గంజి దుమ్మేలే అనుకున్నాను, మీరూ అదే అన్నారు. దర్జీవాణ్ణి గనక డాక్టరుకన్నా ముందు టేపు చెప్పింది: నా ప్యాంటు నడుము మూడుసార్లు లోపలికి కుట్టుకున్నాను, నాలుగోసారికి కుట్టడానికి బట్ట లేదు. ఆ తర్వాత రుమాల్లో రక్తం. నెల్లూరులో డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకెత్తి చూసి "పెళ్లయిందా?" అన్నారు. లేదన్నాను. "మంచిది" అన్నారు. అయ్యో, ఆ ఒక్క మాట తర్వాత పొడిచిన సూదులన్నిటికన్నా లోతుగా దిగింది!

ఎందుకంటే అప్పటికే, అయ్యగారు లేని ఆదివారాల్లో వాక్యం చెప్పే మన ఉపదేశిగారి అమ్మాయి కరుణ, బళ్లో టీచరు, ఆడవాళ్ల వైపు గోడవార కూర్చునేది, నేను మగవాళ్ల వైపు కూర్చుని రెండేళ్లు విన్న ప్రసంగాల్లో ఒక్కటీ గుర్తులేదు, క్షమించండి అయ్యగారూ. ఆమె ఆది రవిక తెచ్చి ఇచ్చి "ఎప్పటికవుతుంది?" అనేది, నేను "గురువారానికి" అనేవాణ్ణి. రెండేళ్లలో మేము మాట్లాడుకున్నదంతా అదే.

క్షయ అని తేల్చారు. శానిటోరియంలో పద్నాలుగు నెలలు. ప్రతి వారం ఒక కార్డు వచ్చేది. కార్డంటే పోస్టుమాను మొదలు వార్డు ఆయా దాకా అందరూ చదివేదే కదా, అందుకని కరుణ అందులో ఏమీ రాసేది కాదు. "ఈ ఆదివారం పాడిన కీర్తనలు" అని పైన, దాని కింద మూడు నంబర్లు, అడుగున "ఉపదేశిగారి కుమార్తె" అని. అంతే! నేను పుస్తకం తీసి ఆ మూడూ వెతుక్కుని పెదవులతో పాడుకునేవాణ్ణి, ఊపిరి చాలక మొదటి చరణం దగ్గరే ఆగిపోయేవాణ్ణి, ఆగిన చోటు నుంచి ఆమె అందుకున్నట్టు అనుకుని కళ్లు మూసుకునేవాణ్ణి. ఆదివారం పొద్దున మన గంట మోగే వేళ నాకు తెలుసు, అది అంతదూరం వినబడదనీ తెలుసు, అయినా ఆయా చేత కిటికీ తెరిపించేవాణ్ణి.

పక్క మంచం రెడ్డిగారిది బుచ్చిరెడ్డిపాలెం, వరిపొలాల మనిషి. కార్డు వైపు తొంగిచూసి, "ఏందబ్బయా అవి, రైలు నంబర్లా?" అన్నారు.

"కీర్తనలు రెడ్డిగారూ."

"ఆడబిడ్డ చేతిరాత కనబడతా ఉంటే, కీర్తనలంట కీర్తనలు!" అని నవ్వబోయి దగ్గారు.

ఆ రెడ్డిగారు బాగై ఇంటికి వెళ్లారు, మేమందరం చప్పట్లు కొట్టి సాగనంపాము. ఆరు నెలలకు అదే మంచానికి తిరిగొచ్చారు. ఆయన భార్య రోజంతా వరండాలో గ్లాసు పట్టుకుని తలుపు వైపు చూస్తూ కూర్చునేది, గ్లాసులో పాలు చల్లారిపోయినా దించేది కాదు. ఈసారి రెడ్డిగారు మంచం మీంచి లేవలేదు.

ఆ రోజుల్లో నా ప్రార్థన ఇది: "ప్రభువా, నన్ను బతికించు, బతికిస్తే ఇంకేమీ అడగను." దేవుడు మొదటి సగం విన్నాడు, ఆయనకే మహిమ! రెండో సగం ఆయన అడిగింది కాదు, నేనే కలిపాను, దాన్ని మాత్రం నేను తూచా తప్పకుండా పాటించాను. ఇంటికొచ్చాను, ఒళ్లు చేశాను, మిషను తొక్కాను, ఏమీ అడగలేదు. కరుణ గోడవారే కూర్చునేది, నేను పుస్తకంలోకి చూసేవాణ్ణి. చివరికి ఉపదేశిగారే వచ్చి పెళ్లిమాట అడిగారు, డాక్టరుగారు కూడా చేసుకోవచ్చన్నారు, కాదనడానికి నాకు నోరు రాలేదు.

మన ఆచారం ప్రకారం మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదువుతారు, ఎవరికైనా ఆటంకముంటే చెప్పమని అయ్యగారు ఆగుతారు, ఆ ఆగినప్పుడు అందరూ తర్వాతి కీర్తన వెతుక్కుంటారు. రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. మూడో శనివారం నాకు దగ్గొచ్చింది. ఉట్టి దగ్గే! కానీ ఆ వరండాలో, ఆ గ్లాసుతో, ఈసారి కరుణ కనబడింది.

తెల్లారి ప్రకటన చదివి అయ్యగారు ఆగగానే నేను లేచాను. మీలో సగం మంది చూశారు, చూడని సగం మందే ఎక్కువ వివరంగా చెప్తున్నారు.

"కూర్చోవయ్యా, నీదే చదవతా ఉండేది," అన్నారు అయ్యగారు.

"ఆటంకం ఉందయ్యగారూ."

"ఎవురి మీద?"

"పెళ్లికొడుకు మీద."

జబ్బు తిరగబడవచ్చని, ఆమెను వరండాలో కూర్చోబెట్టలేనని, ఏదేదో చెప్పాను. మధ్యలో ఒక దగ్గు కూడా వచ్చింది, సాక్ష్యానికి కూలికి పిలిస్తే వచ్చినట్టు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి కరుణ లేచింది. మన గుడిలో ఆడవాళ్లు లేచి మాట్లాడడం అదే మొదలనుకుంటాను.

"అయ్యగారూ, ఆయనకి జబ్బొస్తే నేను చూసుకుంటా, అది నేనెప్పుడో అనుకునిందే. నాకు జబ్బొస్తే? నాకేమన్నా నూరేళ్లని రాసిచ్చినారా ఎవురైనా? అప్పుడు ఆయన చూస్తాడా, పారిపోతాడా? అది తేల్చమనండి ముందు."

సహోదరులారా, ఆమెకు జబ్బు రావచ్చన్న మాట నా బుర్రకు ఒక్కసారైనా తట్టలేదు! లోకంలో దగ్గే రొమ్మున్నది నాకొక్కడికే అన్నట్టు, ఆయుష్షు తరిగేది నా ఒక్కడికే అన్నట్టు బతికాను. ఆమె గ్లాసు పట్టుకునే రోజు గురించే ఏడ్చాను గానీ, నేను పట్టుకోవలసిన రోజు ఉండొచ్చని, దానికీ దేవుడు నన్ను బతికించి ఉండొచ్చని ఆలోచించలేదు.

"చూస్తాను," అన్నాను.

"అయితే కూర్చోమనండి," అంది.

"చెప్పినోడే కూర్చున్నాడు గనక ఆటంకం లేదు," అని అయ్యగారు పుస్తకం మూశారు. ఆ రోజు కీర్తన నేను ఆఖరి చరణం దాకా పాడాను, శ్రుతి సంగతి అడగకండి.

ప్రియులారా, దేవుడు నా ఊపిరితిత్తుల్లోని జబ్బును పద్నాలుగు నెలల్లో తీసేశాడు, భయాన్ని తీయడానికి మాత్రం ఒక ఆడమనిషిని చాప మీంచి లేపవలసి వచ్చింది. మీలో జబ్బు పోయినా మంచం దిగనివాళ్లు ఉంటే, ఆయన్ని నమ్మి దిగండి. ఇచ్చిన ఊపిరి దాచుకోమని ఇవ్వలేదు. రేపటి సంగతి నాకు తెలియదు, కరుణకూ తెలియదు, తెలిసినవాడు మంచివాడు, అది చాలు. దేవునికే మహిమ, వందనాలు!

ఇకపోతే, మంగళవారం మేమిద్దరం ఎక్స్‌రే తీయించుకోవడానికి నెల్లూరు వెళ్తున్నాం, ఆ రోజు కొట్టు తెరవను. క్రిస్మసు బట్టలు ఇచ్చినవాళ్లు సోమవారం సాయంత్రం లోపల వచ్చి తీసుకెళ్లండి.