ఆయనకి బండి చూడ్డానికి విశాఖ వెళ్ళిన రోజు

మా ఆయన బెల్లం వ్యాపారి. చోడవరం చుట్టుపక్కల ఊళ్ళలో రైతులు బెల్లం వండే చోట్లకి వెళ్ళి, సరుకు చూసి, బేరం కుదుర్చుకుని అనకాపల్లి మార్కెట్టుకి పంపిస్తారు. దేవరాపల్లి, చీడికాడ, రావికమతం అంటూ సీజనులో రోజూ యాభై అరవై కిలోమీటర్లు స్కూటరు మీద తిరిగేవారు. రెండేళ్ళుగా చాలా ఊళ్ళకి నేనూ వెనకాల కూర్చుని వెళ్తున్నాను. పోయిన వానాకాలంలో ఒక ఏకాదశి నాడు మాత్రం ఉపవాసం ఉండి ఇంట్లో ఆగిపోయాను. ఆ రోజే దేవరాపల్లి రోడ్డులో, పక్క డొంకలోంచి వచ్చిన ఎడ్లబండిని గుద్దుకుని పడ్డారు. కుడి మోకాలి చిప్ప పగిలింది. రెండు నెలలు మంచం మీదే ఉన్నారు. కట్టు విప్పాక స్కూటరు కిక్కు కొట్టడం ఆయన వల్ల కాలేదు.

కార్తీకం వచ్చేసరికి చెరుకు కోతల మాటలు మొదలయ్యాయి. ఆయన వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయే బళ్ళని చూస్తుంటే నాకు మనసు ఊరుకోలేదు. మామూలు కారు అయితే మా మట్టిరోడ్లలో అడుగుభాగం నేలకి తగిలి ఆగిపోతుంది. మామూలు జీపు కుదుపులకి ఆ మోకాలు ఒప్పుకోదు. ఈ మధ్య జీపు ఎత్తు, కారు సుఖం రెండూ ఉన్న చిన్న బళ్ళు వస్తున్నాయని, ఏసీ, మెత్తటి సీట్లు, వేలితో తిప్పితే తిరిగే స్టీరింగు ఉంటాయని మార్కెట్టులో ఎవరో ఆయనకి చెప్పారు. ధర ఐదు లక్షలకి కాస్త ఇటూ అటూ. ఆయనకి కారు నడపడం కొత్త కాదు, పెళ్ళయిన కొత్తలో వాళ్ళ నాన్నగారి పాత కారు నడిపేవారు. "చూసొద్దాం పదండి" అన్నది నేనే. ఆ మాట నేను అనకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలీదు.

పంచాంగంలో వర్జ్యం లేని పూట చూసుకుని, వినాయకుడి గుడిలో దణ్ణం పెట్టుకుని, ఉదయం ఆరుంబావు బస్సు ఎక్కాం. చోడవరం నుంచి విశాఖకి అనకాపల్లి మీదుగా ఒక దారి, సబ్బవరం, పెందుర్తి మీదుగా ఇంకో దారి ఉన్నాయి. కాళ్ళు బాగులేనివాళ్ళతో వెళ్తే సబ్బవరం బస్సే మేలు, ఎక్కేవాళ్ళు తక్కువ. టిక్కెట్టు పన్నెండు రూపాయలు, రెండు గంటల ప్రయాణం. దారంతా మబ్బుగా ఉంది. సబ్బవరం దాటాక సన్నగా తుంపర పట్టింది. ఆయన కిటికీ అద్దం మీద వేలితో ఏదో గీస్తూ, "ముందు సీటు నీదేనే. ఎక్కడానికి నీకు పీట వేయించాలేమో" అని నవ్వారు. మూడు నెలల తరవాత విన్న నవ్వు అది.

బస్సు కాంప్లెక్సు దగ్గర దిగి, ఎదుటి సందులో ఒకామె నడుపుతున్న చిన్న హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఆమె ఆకు పక్కన ఎడమవైపు నీళ్ళ గ్లాసు పెట్టింది. ఆయన చెయ్యి తగిలి గ్లాసు ఒలికిపోయింది. రెండోసారి పెడితే రెండోసారీ ఒలికింది.

"ఏటి బాబూ, నీళ్ళు మీ మీద అలిగేయేటి?" అందామె గుడ్డ పట్టుకొచ్చి.

"కొత్త బండి కొంటన్నాం గదా, కాళ్ళు కడుగుతన్నాయి" అన్నారు ఆయన. ఆమె పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరికీ కలిపి తొమ్మిది రూపాయలు అయింది. చట్నీ బాగుంది.

పది గంటలకి రిక్షాలో షోరూముకి చేరాం. టై కట్టుకున్న ఒకాయన రెండు బళ్ళు చూపించారు. మొదటిది మరీ పెద్దది, పదిమంది పడతారు. మా రావికమతం వైపు ఊళ్ళలో రెండు ఇళ్ళ మధ్య అది ఇరుక్కుపోతుంది. రెండోది మేం అనుకున్నదే. మూడే తలుపులు, వెనక పక్కలంతా వంపు తిరిగిన పెద్ద అద్దం, ముదురు నీలం రంగు. లోపల కూర్చుంటే వాన చప్పుడు కూడా వినిపించలేదు. ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని మోకాలు చాపి, ముడిచి, మళ్ళీ చాపి చూశారు. ముఖంలో నొప్పి లేదు. "దేవుడా, ఇదే ఇప్పించు" అనుకున్నాను.

నడిపి చూడమని షోరూము డ్రైవరుని తోడు ఇచ్చారు. పేరు సింహాచలం, అరవై దాటిన మనిషి. సింహాచలం ముందు ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక సీట్లో, మా ఆయన వెనకే కూర్చున్నాను. మా ఆయన సీటుకి తల ఆనించుకోవడానికి పైన ఎత్తైన దిండు ఉంది. అది అడ్డొచ్చి నాకు ఆయన తల గాని, భుజాలు గాని కనపడలేదు. సిరిపురం దాటి బీచ్ రోడ్డు వైపు దిగుతున్నాం. బండి చాలా మెత్తగా పోతోంది. సింహాచలం "బాగా తోలుతన్నారు బాబూ" అన్నాడు కూడా.

ఇంతలో ఎడమపక్క సందులోంచి నెత్తిన గంపతో ఒక ముసలామె రోడ్డు మీదికి వచ్చింది. నాకు కనపడింది. సింహాచలానికి కనపడింది. బండి మాత్రం వేగం తగ్గలేదు. సింహాచలం "బాబూ!" అని అరిచి, స్టీరింగు ఒక చేత్తో పక్కకి తోసి, రెండో చేత్తో హేండుబ్రేకు గుంజేశాడు. బండి అడ్డంగా తిరిగి ఆగింది. ముసలామెకి దెబ్బ తగల్లేదు. భయానికి వెనక్కి గెంతితే గంప జారి చేపలన్నీ తడిరోడ్డు మీద పడ్డాయి.

"కళ్ళు నెత్తికెక్కేయేటి బాబూ? ఇంత మనిషిని, ఇంత గంపెత్తుకుని వస్తంటే అగుపడ్నేదా?" అని ఆమె కేకలు వేసింది.

మా ఆయన సీట్లో వెనక్కి తిరిగి నా వైపు చూసి, చిన్న గొంతుతో అడిగారు. "తట్టలేదేటే నువ్వు?"

చదివేవాళ్ళకి ఈ మాట అర్థం కాదు, చెప్తాను. స్కూటరు మీద వెనక కూర్చున్నప్పుడు కుడిపక్కనుంచి ఏదైనా వస్తే ఆయన కుడి భుజం మీద, ఎడమపక్కనుంచి వస్తే ఎడమ భుజం మీద రెండు వేళ్ళతో తట్టేదాన్ని. భర్త బండి నడుపుతుంటే వెనకనుంచి "జాగ్రత్త, జాగ్రత్త" అని అరవడం నా నోటికి రాదు. మా అమ్మ నన్ను అలా పెంచలేదు. అందుకని తట్టేదాన్ని. నా భయం కొద్దీ తడుతున్నానని నేను అనుకున్నాను. ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు, వద్దనలేదు. ఎంత మంచి మనిషో అనుకున్నాను.

"తట్టడవేటి బాబూ?" అన్నాడు సింహాచలం.

"మా ఆవిడ వెనక కూర్చుంటే తడతాది. అప్పుడు చూసుకుంటాను" అన్నారు ఆయన, అందరూ అలాగే నడుపుతారన్నట్టు.

సింహాచలం, నేను కిందికి దిగి చేపలు ఏరాం. కార్తీకమాసంలో మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగను. ఆ రోజు రెండు చేతులతో చేపలు ఏరి గంపలో వేశాను. పాడైన సరుక్కి ముసలామెకి వంద రూపాయలు ఇచ్చి దణ్ణం పెడితే, "నాకెందుకమ్మా దణ్ణాలు, ఆ బాబుని సూసుకో" అని వెళ్ళిపోయింది.

సింహాచలం బండిని రోడ్డు పక్కకి తీసి, మా ఆయన్ని కిందికి దింపి ఎదురుగా నిలబెట్టాడు. "నా ముక్కే సూడండి బాబూ. కళ్ళు తిప్పకండి" అని తన చెయ్యి బారుగా పక్కకి చాపి వేళ్ళు ఆడించాడు. "అగుపడతందా?"

"లేదు."

చెయ్యి మెల్లగా ముందుకి తెస్తూ ఉన్నాడు. నాకు ఎప్పుడో కనపడుతోంది. ఆయన మాత్రం "లేదు, లేదు" అంటూనే ఉన్నారు. చెయ్యి దాదాపు ముక్కు ఎదురుగా వచ్చాక "ఆఁ, ఇప్పుడు" అన్నారు. సింహాచలం నా వైపు తిరిగి, "మా అన్నకీ ఇలాగే అయ్యిందమ్మా. లారీ డ్రైవరు. నీటికాసులన్నారు. ఈ బండి సంగతి మరిసిపోండి, ముందు కంటి డాట్రు కాడికి పదండి" అన్నాడు. షోరూములో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు సింహాచలం. "బాబుకి రంగు నచ్చనేదండి" అని మమ్మల్ని తప్పించాడు. ఆ మంచితనానికి నేను ఏమీ ఇచ్చుకోలేకపోయాను.

దగ్గర్లోనే ఉన్న కంటి ఆస్పత్రికి సింహాచలమే దారి చూపించాడు. ఫీజు యాభై రూపాయలు, పరీక్షలకి మరో రెండు వందలు. మూడింటికి లోపలికి పిలిచారు. ముందు గోడమీది అక్షరాలు చదివించారు. తరవాత ఒక చీకటి గదిలో పెద్ద గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించి కూర్చోమన్నారు. ఆ గిన్నెలో అక్కడక్కడ చిన్న వెలుగు వస్తుందని, కనపడినప్పుడల్లా చేతిలో మీట నొక్కమని చెప్పారు. మీట నొక్కితే గంట మోగుతుంది. నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నారు.

ఆ గంట కోసం వింటూ కూర్చున్నాను. ఒకటి మోగింది. వెంటనే ఇంకోటి. తరవాత చాలాసేపు ఏమీ లేదు. గోవింద నామం మొదలుపెట్టాను, గంట మోగినప్పుడు ఆపుదామని. నూట ఎనిమిది అయిపోయింది. తలుపు వెనక వెలుగులు వస్తూనే ఉంటాయి గదా, ఆయన మీట పట్టుకుని కూర్చునే ఉంటారు గదా అనుకున్నాను. మళ్ళీ ఒక్క గంట. మళ్ళీ ఏమీ లేదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నెమ్మదిగా చెప్పింది. అది నీటికాసులేనని, కంట్లో నీటి ఒత్తిడి పెరిగి పక్కచూపు పోయిందని, పోయింది తిరిగి రాదని, చుక్కలు రోజూ తప్పకుండా వేసుకుంటే మిగిలింది నిలుస్తుందని. "నడిరోడ్డు మటుకు బాగానే కనిపిస్తుంది, రోడ్డు అంచులు ఉండవు. కొన్నేళ్ళ నుంచి ఉండి ఉంటుంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా?" అని అడిగింది. ఆయన నా వైపు చూడలేదు. నేను తల వంచుకున్నాను. గమనించడం నా వేళ్ళు గమనించాయి. నోరే ఒక్కసారి కూడా అడగలేదు.

అయిదున్నర బస్సుకి వెనక్కి బయల్దేరాం. పెందుర్తి దాటాక ఆయన, "నువ్వు పక్క సీట్లో కూకుని తడితే సరిపోద్ది గదే. ఆ బండే తీసుకుందాం" అన్నారు.

"మీరు ఇంక ఏ బండీ నడపొద్దండి" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలీలేదు. ముందు సీట్లోవాళ్ళు వెనక్కి తిరిగారు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో నేను ఆయనకి వద్దని చెప్పిన మాట అదొక్కటే.

"ఒసే, మెల్లగా. బస్సులో ఉన్నాం" అన్నారు.

"ఆ ముసలామె పోయుంటే? ఆ రోజు ఎడ్లబండి కింద మీరు పోయుంటే?"

ఆయన కిటికీ వైపు తిరిగారు. సబ్బవరంలో బస్సు ఆగి మళ్ళీ కదిలింది. అప్పుడు నేను ఇంకో మాట అడిగాను. రెండేళ్ళుగా ఊళ్ళకి వెళ్ళేటప్పుడల్లా "నువ్వూ రా, ఒక్కణ్ణీ ఎందుకు" అని పిలిచేవారు. మా వీధి ఆడవాళ్ళు "కొత్త పెళ్ళికూతురు బయల్దేరింది" అని ఏడిపించేవారు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఈ ముచ్చట ఇచ్చావని దీపం పెట్టేటప్పుడు దేవుడికి చెప్పుకునేదాన్ని.

"అందుకేనా నన్ను తీసుకెళ్ళేవారు?"

ఆయన అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి.

"మొదట అందుక్కాదే" అన్నారు.

బండి కొనలేదు. ఇప్పుడు ఆయన బస్సులో అనకాపల్లి వెళ్ళి వస్తున్నారు, లోపలి ఊళ్ళ తిరుగుడు మానేశారు. చీడికాడ వైపు రైతులు వేరే వ్యాపారిని చూసుకున్నారు. ఉదయం, సాయంత్రం చుక్కలు నేనే వేస్తాను. వేసేటప్పుడు ఆయన కళ్ళు తెరిచి పైకి చూస్తూ ఉంటారు. ఆ "మొదట" ఎన్నాళ్ళు ఉందో, ఏ ఊరి దారిలో అయిపోయిందో అడగాలని నోటిదాకా వస్తుంది. అడిగితే చెప్తారని తెలుసు, అందుకే భయం. భర్తకి ఎదురు చెప్పకపోవడం, ఆయన లోటు నలుగురికీ తెలియకుండా కప్పుకోవడం మంచి భార్య లక్షణమని ఇన్నాళ్ళూ నమ్మాను. నేను కప్పింది ఆయనకే తెలియకుండా కప్పానని ఇప్పుడు అర్థమవుతోంది. దేవుడి ముందు నిలబడితే ఏ తప్పుకి దణ్ణం పెట్టుకోవాలో సరిగ్గా తెలియడం లేదు.

మీ ఇంట్లోవాళ్ళకి రోజూ నడపడానికి బండి కొనే ఉద్దేశంతో విశాఖ వెళ్తున్నట్టయితే, షోరూము కంటే ముందు కంటి ఆస్పత్రికి వెళ్ళండి, పూట పడుతుంది. యాభై ఏళ్ళు దాటినవాళ్ళకి కంటి ఒత్తిడి, పక్కచూపు రెండూ పరీక్ష చెయ్యమని మీరే నోరు తెరిచి అడగండి. గోడమీది అక్షరాల పరీక్ష ఒక్కటే చాలదు. ఆ రోజు మా ఆయన అక్షరాలన్నీ చదివారు, అట్టడుగు వరుస దాకా, ఒక్క తప్పు లేకుండా.